సామాన్ల జాబితాలో అవ్వ

మొన్న మంగళవారం మా సెంటర్‌కు బొమ్మ వచ్చింది. మనిషంత పొడవు అట్టపెట్టెలో, థర్మాకోల్ ముక్కల మధ్య వెల్లకిలా పడుకుని వచ్చింది. చేతులు వంగుతాయి, మోకాళ్లు మడుచుకుంటాయి, నోట్లో పళ్లు తీసి కడిగి మళ్లీ పెట్టవచ్చు. నడుము కింద పుండు కూడా అచ్చుపోసి ఉంది, ఎర్రగా, రూపాయి బిళ్లంత. మా ఇన్‌చార్జి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇక మనకు ఏ ఇబ్బందీ లేదు మేడం అన్నాడు. ఆ ఇబ్బంది ఎవరో నాకు తెలుసు. ఆ మాటకు నా ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

కరీంనగర్‌లో మాది ముసలివాళ్లకు సేవ చేయడం నేర్పే కేంద్రం. ఇక్కడి ముసలివాళ్లకని ఎవరైనా పొరబడతారేమో, ముందే చెబుతున్నాను. జపాన్‌లో పిల్లలు పుట్టడం తగ్గిపోయిందట, ముసలివాళ్లు ఎక్కువయ్యారట, వాళ్లను లేపి కూర్చోబెట్టడానికి మనుషులు దొరకడం లేదట. ఆ మనుషులను మనం తయారుచేసి పంపుతున్నాం. ఇంటర్ పాసైన ఆడపిల్లలను బ్యాచ్‌కు ఇరవై మందిని తీసుకుంటాం. పొద్దున వాళ్లకు ఆ దేశపు భాష, మధ్యాహ్నం నా దగ్గర పని. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. పక్క తిప్పడం, ఒళ్లు తుడవడం, మింగలేనివాళ్లకు అన్నం తినిపించడం నేర్పుతాను.

ఇవి నేర్చుకోవాలంటే మంచం మీద ఒక మనిషి ఉండాలి. మొదటి బ్యాచ్ మొదలైన రోజు ఆ మనిషి లేదు. ఒకరి ముందు ఒకరు పడుకోవడానికి పిల్లలు సిగ్గుపడి, కిసకిసా నవ్వుతున్నారు. నేను ఒక పిల్లను బలవంతంగా పడుకోబెట్టి ఇంకో పిల్లతో తిప్పిస్తుంటే, తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. "గట్ల గుంజితె రెక్క ఊడొస్తది."

చొప్పదండి అవతలి ఊరి నుంచి ఒక పిల్లను చేర్పించడానికి ఆ పిల్ల ఇంటి పక్క ముసలామె తోడుగా వచ్చింది, గొంతు ఆమెదే. గోచీ పోసిన ముదురాకు పచ్చ చీర, నడుముకు దోపుకున్న చిన్న కత్తెర, చంకలో బీడీలు చుట్టే తునికాకు మూట. డెబ్బై దాటి ఉంటాయి. ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చి, పడుకున్న పిల్లను లేపేసి, తాను మంచం ఎక్కి పడుకుంది. నన్ను తిప్పుండ్రి, సూస్తా అంది. తొమ్మిదేళ్లు అత్తను మంచంలో చూసుకుందట. అన్నేళ్లలో అత్త ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదట. ఆ సంగతి ఆమె చెప్పుకునే తీరులో కొందరు బంగారం గురించి చెప్పుకునే గర్వం ఉండేది.

అలా ఆమె మాకు రోజూ వచ్చే రోగి అయింది. పిల్లలు అవ్వ అనేవారు, నేనూ అవ్వ అనే అన్నాను. ఆమె పేరు మా రికార్డుల్లో ఎక్కడా లేదు. కాబట్టి నేనూ ఇక్కడ రాయను.

మంచం ఎక్కిందంటే ఆమె వేరే మనిషి. ఒళ్లంతా బరువు వదిలేసి పడుకునేది. బక్కపల్చటి మనిషి, పిల్లలు ఇద్దరు పట్టినా కదిలేది కాదు. మీకు అక్కడ ఎవరూ సాయపడరు, బరువు ఇట్లనే ఉంటది అని కళ్లు మూసుకునే చెప్పేది. చేతులు చల్లగా ఉన్న పిల్ల ముట్టుకుంటే అరచేతులు రుద్దుకుని రమ్మని వెనక్కి పంపేది. అన్నం తినిపించేటప్పుడు చెంచా తొందరపెడితే నోరు బిగబట్టి, ఎంత బతిమాలినా తెరిచేది కాదు. ఇవి నా పుస్తకంలో లేవు. ఒక పిల్ల తన పరిశీలన పుస్తకంలో, రోగికి కుడిచేతి వేళ్లు వణుకుతున్నాయి అని రాసింది. అది వణుకు కాదు. యాభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు, పడుకున్నా ఊరుకోవు. బొటనవేలు, చూపుడువేలు కలిసి లేని ఆకును చుడుతూ ఉండేవి.

అన్నిటికంటే పెద్ద రూలు ఒకటుండేది. చెప్పకుండా ఎవరైనా ఒంటి మీద చేయి వేస్తే ఆ చేతి మీద ఒక్కటి వేసేది. "ముందుగాల చెప్పు, గప్పుడు ముట్టు" అనేది. మంచంలో పడ్డ మనిషికి ఒళ్లు తనది కాకుండా పోతుందట, చెప్పి ముడితే కాస్త మిగులుతుందట. విచిత్రం ఏమిటంటే జపాన్ నుంచి వచ్చిన పాఠంలో కూడా అదే ఉంది. ముట్టే ముందు మాట చెప్పాలి. పిల్లలు జపాను మాట చెప్పి తిప్పితే అవ్వ ఒప్పుకునేది కాదు. నాకు తెలిసేటట్టు చెప్పు అనేది. అందుకని మా పిల్లలు ఒక్కో పనికి రెండుసార్లు, రెండు భాషల్లో చెప్పేవారు.

సెంటర్ గోడకు సామాన్ల జాబితా వేలాడుతుంటుంది. తనిఖీకి వచ్చేవాళ్లు దాన్ని చూసి లెక్క సరిచూసుకుంటారు. మంచాలు నాలుగు, చక్రాల కుర్చీలు రెండు, గాలి పరుపు ఒకటి. దాని కింద, వృద్ధురాలు ఒకటి. మనిషిని పెట్టుకోవడానికి పోస్టు లేదు, సామాను కొనడానికి వీలుంది, అందుకని మా ఇన్‌చార్జి తెలివిగా అలా రాయించాడు. ఒకరోజు ఒక పిల్లతో అవ్వ అది చదివించుకుంది. పిల్ల భయపడుతూ చదివితే అవ్వ పకపకా నవ్వింది. ఆ తర్వాత మధ్యాహ్నం వరండాలో చాట ముందేసుకుని బీడీలు చుడుతూ నన్ను పిలిచింది.

"సిస్టరమ్మా, మంచం ఇరిగితె ఎవలు బాగుచేపిస్తరు?"

సెంటరే చేయిస్తుందని చెప్పాను.

"మరి నేనిరిగితె?"

నేను నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. సామానులల్ల రాసుకున్నంక మీదే బాధ్యతనాయె అని చెప్పి, దారం తెంపి బీడీని చాటలో వేసింది.

అప్పటికి ఆమె ఒక లెక్క వేసుకుని ఉందని నాకు తర్వాత అర్థమైంది. వాళ్ల ఊళ్లో మంచం పట్టినవాళ్లు పదకొండు మంది. చూసేవాళ్లు కూడా ముసలివాళ్లే. ఆ వాడలో ఒక మనిషిని ఎత్తగలిగిన వాళ్లలో అందరికంటే చిన్నవాడికి అరవై నిండాయి. మగపిల్లలు దుబాయికో మస్కట్‌కో పోవడం మొదలై ముప్పై ఏళ్లయింది, ఆ ముచ్చట పాతది. ఆడపిల్లలు ఉండేవారు. ఇప్పుడు వాళ్లకూ మేం విమానం చూపించాం. బ్యాచ్‌కు ఒక్క పిల్లను మా ఊరికి ఉంచుండ్రి, జీతమిచ్చి ఉంచుండ్రి, అంతకంటే ఎక్కువ అడగను అని నన్ను అడిగింది. ఒక్కసారి కాదు, వారానికోసారి. నేను పైకి కాగితం పెట్టాను. జవాబు వచ్చింది. ఈ పథకం విదేశాలకు పంపడానికి ఉద్దేశించినదనీ, గ్రామాల్లోని వృద్ధుల సంగతి ఈ శాఖ పరిధిలోకి రాదనీ. ఏ శాఖ పరిధిలోకి వస్తుందో రాయలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే కాగితం, తారీఖు మార్చి.

మూడో బ్యాచ్‌ను పంపే రోజు పెద్ద సభ పెట్టారు. ఫంక్షన్ హాలు, పూలదండలు, ఫొటోగ్రాఫర్లు. వేదిక మీద మంచం వేసి అవ్వను పడుకోబెట్టారు, పిల్లలు పని చేసి చూపాలని. పిల్లలు చక్కగా చేశారు. రెండు భాషల్లోనూ చెప్పి తిప్పారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత పదవిలో ఉన్న ఒక పెద్దాయన మైకు అందుకున్నాడు. మన దగ్గర పిల్లలను కనడం తగ్గిపోయింది, ఇలాగైతే రేపు ఢిల్లీలో మన మాట చెల్లదు, ఇంటికి ముగ్గురు నలుగురు ఉండాలి అన్నాడు. ఊపిరి తీసుకుని అదే గొంతుతో, అక్కడ వృద్ధులు మన పిల్లల కోసం ఎదురుచూస్తున్నారు, ఇంకా వేలమందిని పంపుతాం అన్నాడు. ఒకే నోటితో ఒకే పూట చెప్పిన మాటలివి. హాలులో ఒక్కరికీ నవ్వు రాలేదు, కోపం రాలేదు. నాకూ రాలేదు, నిజం చెప్పాలి. ఆ రోజు నా దృష్టంతా మంచం మీద దుప్పటి ముడత పడకుండా చూడటం మీదే ఉంది.

అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. ఎవరూ ఇవ్వకుండానే పక్కనున్న పిల్ల చేతిలోని మైకు తీసుకుంది.

"సారూ, ఒక్క ముచ్చట. నాకు ఇరువై రెండేండ్లప్పుడు మీసొంటోళ్లే జీపుల అచ్చిండ్రు. ఇద్దరు చాలన్నరు. సరేనని బడిల బల్ల మీద పండుకోని ఆపరేషన్ చేపిచ్చుకున్న. ఏడాది తిరుగకముందే పోరడు జరమచ్చి పోయిండు. మళ్ల పుడుతరా అంటె ఇగ పుట్టరన్నరు. ఇప్పుడు మీరే అచ్చి ఇంకింతమందిని కనుమంటుండ్రు. కన్నోళ్లనేమొ ఇమానమెక్కిస్తుండ్రు. నా ఒంటి మీద నేర్చుకున్నోళ్లల్ల ఒక్కదాన్ని మా ఊరికి ఇడిసిపెట్టుండ్రి. మంచంల పడ్డోళ్లు పదకొండు మంది..."

అక్కడ మైకు ఆగిపోయింది. ఆపింది నేనే. ఇన్‌చార్జి నా వైపు చూసిన చూపుకు భయపడి, ఆమె చేతిలో నుంచి మైకు లాక్కున్నాను. చెప్పకుండా ముట్టుకున్నాను. పెద్దాయన నవ్వి, అవ్వ మంచి హుషారుంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో ఆయన అవ్వ తల మీద చేయి పెట్టిన ఫొటో వచ్చింది. కింద ఏం రాశారో చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది.

నాలుగు రోజులు అవ్వ నాతో మాట్లాడలేదు. రావడం మాత్రం మానలేదు. ఐదో రోజు వరండాలో, తల ఎత్తకుండా, "గుంజుకున్నవ్ గద సిస్టరమ్మా" అంది. అంతే. ఆ తర్వాత నాకు చాయ్ పోసి ఇచ్చింది. ఇంత మన్నింపు నాకు అక్కరలేదు, అప్పుడే రెండు తిడితే బాగుండేది.

పోయిన వానకాలం ఆమె ఇంటి వెనక బండ మీద జారి పడింది. తుంటి విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదన్నారు, ఇంటికి పంపించేశారు. ఆమెకు మిగిలింది ఒక్క బిడ్డ, నస్పూర్‌లో ఉంటుంది. అల్లుడిది బొగ్గు బాయిలో పని. ఆ బిడ్డ అత్తకు పక్షవాతం, ఆమెను తిప్పేది ఈ బిడ్డే. వారానికోసారి పరుగున వచ్చి, రెండు రోజులుండి, ఏడ్చుకుంటూ పోయేది. ఆమెను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. మిగిలిన రోజులు పక్కింటి ముసలామె అన్నం పెట్టేది. పెట్టగలిగేది కానీ తిప్పలేకపోయేది. ఆమె చేతులే వణుకుతాయి.

ఆ సంగతి తెలిసి నేను మా సెంటర్ గాలి పరుపు ఆటోలో వేసుకుని వెళ్లాను. ఎవరినీ అడగలేదు. మనిషిని తిప్పేవాళ్లు లేనప్పుడు ఒత్తిడి ఒక్కచోట పడకుండా ఆ పరుపే కాస్త మారుస్తూ ఉంటుంది. అవ్వ దాని మీద పడుకుని, గీ పరుపు, నేను జాబితల పక్కపక్కనే ఉన్నం గద అంది. నవ్వింది కూడా. వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. ఒళ్లు శుభ్రంగా ఉండేది.

నెల దాటాక తనిఖీ వస్తుందన్నారు. జపాన్ నుంచి మనుషులు వస్తున్నారు, జాబితాలో ఏది తగ్గినా కొత్త బ్యాచ్‌కు వెళ్లడానికి అనుమతి రాదన్నారు. అదే జాబితాలోని అవ్వ తగ్గిన సంగతి ఎవరికీ పట్టలేదు. ఇన్‌చార్జి నన్ను పిలిచి, పరుపు ఎక్కడుందో నాకు తెలుసు, రెండు రోజులే కదా మేడం, తెచ్చి పెట్టండి అన్నాడు. ఇరవై మంది పిల్లల బతుకులు మీ చేతుల్లో ఉన్నాయి అన్నాడు. రెండు రోజులకు ఏమవుతుందిలే అనుకున్నాను. ముప్పై ఏళ్లు చేసిన నర్సును, రెండు రోజులకు ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు. అయినా పోయి తెచ్చాను. పరుపు తీస్తుంటే అవ్వ అడ్డం చెప్పలేదు. తొందరగ మళ్ల తే బిడ్డా అంది.

తనిఖీ వాయిదా పడింది. రేపన్నారు, ఎల్లుండన్నారు, పదకొండు రోజులు. ఎప్పుడొస్తారో తెలియదని నన్ను సెంటర్ నుంచి కదలనివ్వలేదు, నేనూ కదలలేదు. పదకొండు రోజులూ ఆ పరుపు సెంటర్‌లో ఖాళీ మంచం మీద, కరెంటు పెట్టి, గాలి నింపి, ఎవరి కిందా లేకుండా ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. నేను దాని పక్కన నిలబడి పిల్లలకు పాఠం చెప్పాను. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే పుండు పడుతుందని చెప్పాను. వాళ్లు రాసుకున్నారు.

తనిఖీవాళ్లు వచ్చి పోయాక, పన్నెండో రోజు పరుపుతో వెళ్లేసరికి పుండు పడింది. నడుము కింద, ఎముక దాకా. వాసన గడప దగ్గరే తెలిసింది. నేను కంగారులో చేయి వేశాను. ఆమె నీరసంగా నా చేతి మీద కొట్టింది. ముందుగాల చెప్పు అంది. చెప్పాను. చెప్పి తిప్పాను.

నేను పుండు కడుగుతుంటే నా ఫోను మోగింది. మొదటి బ్యాచ్ పిల్ల, అవ్వ తోడు వచ్చి చేర్పించిన పిల్ల, జపాన్ నుంచి వీడియోలో. అక్కడి వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉంది. పక్కింటి ముసలామె వణికే చేత్తో ఫోను పట్టుకుంది. ఆ పిల్ల చూసింది. ఏడవలేదు, ముందు పని చెప్పింది. మోకాళ్ల మధ్య దిండు పెట్టండి మేడం, మడమ కింద బట్ట చుట్టి పెట్టండి, ఇంకొంచెం ఎడమకు అంటూ నేను నేర్పినవే నాకు చెప్పింది. అవ్వ కళ్లు తెరిచి ఫోను వైపు చూసింది.

"ఆడ ఎవలికన్న పుండు పడ్డదా బిడ్డా?"

"లేదవ్వా. ఒక్కలకు గుడ పడలే."

"మంచిగ నేర్సుకున్నవ్" అంది అవ్వ. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. వెనక నుంచి ఎవరో పిలిస్తే, కళ్లు తుడుచుకుని ఆ భాషలో జవాబు చెప్పి వెళ్లింది.

తొమ్మిది రోజులకు అవ్వ పోయింది. జ్వరం వచ్చి, ఒళ్లంతా విషమెక్కి. ఆసుపత్రి కాగితం మీద వయసు వల్ల అని రాశారు. నేను చదివి చించేయబోయాను, బిడ్డకు అవసరమని ఊరుకున్నాను. వయసు వల్ల కాదు. జాబితాలో పరుపు తగ్గకూడదు కాబట్టి పోయింది. తిప్పడం వచ్చిన అరవై మంది పిల్లలను ఆమె ఒంటి మీదే తయారుచేసి, ఒక్కరిని కూడా ఆమెకు మిగల్చలేదు కాబట్టి పోయింది. ఆ మంచం దగ్గర నుంచి పరుపు లాగిన చేతులు నావి.

మూడో రోజు అవ్వ పేరు మీద పిట్టకు ముద్ద పెట్టడానికి అందరూ ఊరవతల చెలకకు వెళ్లారు. నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను. వాడ ఖాళీ. అప్పుడు రెండిళ్ల అవతల నుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. ఎవరిమీదా కోపం లేని గొంతు, చాలాసేపటి నుంచి పిలుస్తున్నట్టుంది. "ఎవలన్న ఉన్నరా, జర తిప్పుండ్రి." వెళ్లి, చెప్పి, తిప్పాను. అవతలి ఇంట్లో ఇంకొకామె. ఆమెనూ తిప్పాను. చెలక నుంచి అందరూ వచ్చేసరికి ఏడుగురు అయ్యారు.

మరుసటి వారం నుంచి మధ్యాహ్నం క్లాసును ఆ ఊళ్లోనే పెట్టాను. ఇరవై మంది పిల్లలు, చొప్పదండి బస్సు. మనిషికి ఇద్దరు చొప్పున తిప్పుతారు, తుడుస్తారు, తినిపిస్తారు. ఊరికే వదిలేసిన పాత పుండ్లు రెండు మానుతున్నాయి. పదకొండు మందిలో ఇప్పుడు తొమ్మిది మంది మిగిలారు. అవ్వ ఆ పదకొండులో లేదు. తనను తాను ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

బొమ్మ వచ్చిన రోజే నాకు మెమో కూడా వచ్చింది. శిక్షణలో ఉన్నవారిని అనుమతి లేకుండా బయటికి తీసుకువెళ్లి, జాబితాలో లేని వ్యక్తులపై అభ్యాసం చేయించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నేను లేచి గోడ దగ్గరికి వెళ్లి జాబితా చూశాను. బొమ్మ పేరు అప్పుడే ఎక్కింది. దాని పైన, వృద్ధురాలు ఒకటి అన్నచోట, ఎదురుగా ఎర్ర సిరాతో "పనికిరానిది" అని రాసి ఉంది. పాడైపోయిన కుర్చీకి అలాగే రాస్తారు.

సంజాయిషీ పంపాను. ఒక్కటే కాగితం, ఆ జాబితా నకలు. ఎర్ర సిరా మాటను కొట్టేశాను. దాని కింద తొమ్మిది పేర్లు, ఇంటిపేర్లతో సహా, నా చేత్తో రాశాను. ప్రతి పేరుకూ ఎదురుగా, మంచాలకూ కుర్చీలకూ రాసినట్టే, "బాగోగులు కేంద్రం బాధ్యత" అని రాశాను. అసలు జాబితాలో కూడా అలాగే రాసి మళ్లీ గోడకు తగిలించాను. వాళ్లిప్పుడు జాబితాలో లేని వ్యక్తులు కారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు లెక్కలేదు. బొమ్మ మళ్లీ పెట్టెలోనే ఉంది, పాఠానికి ఇంకా తీయలేదు.

నెలాఖరుకు ఈ ఇరవై మంది వెళ్లిపోతారు. వెళ్లొద్దని నేను అనను, వాళ్లకూ బతుకులున్నాయి. కానీ ఆ తర్వాత ఆ తొమ్మిది మందిని తిప్పేదెవరో ఎవరూ నాకు చెప్పలేదు. నన్ను అక్కడికి పోవద్దనేవాళ్లు ముందుగాల అది చెప్పాలి. అప్పటిదాకా రోజూ ఒంటిగంట బస్సుకు పోతాను.